మా కుక్కకు క్యాంపస్ మట్టే కావాలి

తార్నాకలో మా సందు చివర, పొద్దున్నే, చేతిలో తాడు పట్టుకుని ఒక కుక్కను "పోసెయ్ తల్లీ, పోసెయ్" అని బతిమాలుతున్న ఆడమనిషిని మీలో ఎవరైనా చూసి ఉంటే అది నేనే. యాభై దాటిన మనిషిని. కోచింగ్ సెంటర్లకు పోయే పిల్లలు నన్ను చూసి నవ్వుకుంటూ పోయేవాళ్ళు. పాల ప్యాకెట్ల కోసం బయటికొచ్చినవాళ్ళు ఆగి మరీ సలహాలు చెప్పేవాళ్ళు. ఒకాయనైతే రోజూ నా పక్కన నిలబడి, చంటిపిల్లలకు చేసినట్టు, "ష్ ష్" అని చప్పుడు చేసేవాడు. కుక్క ఆయన మొహం చూసేది, నా మొహం చూసేది, నింపాదిగా కూర్చునేది. ఒక్క చుక్క వదిలేది కాదు.

దానికి అప్పటికి రోగమేమీ లేదు. పొగరు, అంతే. దానికి క్యాంపస్ మట్టి తప్ప ఇంకేదీ పనికిరాదు.

మా ఆయన యూనివర్సిటీ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగమున్నన్నాళ్ళూ క్యాంపస్ క్వార్టర్సులోనే ఉన్నాం. ఈ కుక్క పుట్టింది కూడా అక్కడే, మా స్కూటర్ షెడ్డులో. తల్లి ఎటో పోతే, కళ్ళు తెరవని పిల్లకు ఈయన దూదితో పాలు పట్టి బతికించాడు. ఊరకుక్కే. గోధుమ రంగు, ఒక చెవి నిలబడి ఉంటే ఇంకొకటి వాలిపోయి ఉంటుంది. పేరంటూ పెట్టలేదు. ఆయన "బిడ్డా" అంటాడు, నేను "ఓయ్" అంటాను. రెండింటికీ పలుకుతుంది. కాకపోతే "బిడ్డా" అంటే పరుగెత్తుకొస్తుంది, "ఓయ్" అంటే కాసేపు ఆలోచించుకుని వస్తుంది.

క్వార్టర్సు వెనక అంతా ఖాళీ జాగా. తంగేడు పొదలు, వేపచెట్లు, మెత్తటి ఎర్రమట్టి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆయనా, కుక్కా అటు పోయేవాళ్ళు. ఆ కుక్క పుట్టి బుద్ధెరిగాక సిమెంటు మీద కాలకృత్యం తీర్చుకున్నది లేదు. "చూసినవా, ఎంత పద్ధతి!" అని ఆయన మురిసిపోయేవాడు. ఆ పద్ధతే తర్వాత నా ప్రాణం తీసింది.

రిటైరయ్యాక తార్నాకలో మూడో అంతస్తు ఫ్లాటుకు మారాం. మా అపార్ట్‌మెంటులో పిడికెడు మట్టి లేదు. కింద పార్కింగంతా టైల్స్, బయట సీసీ రోడ్డు. సందులో ఉన్న ఒక్క చెట్టు మొదలు చుట్టూ కూడా సిమెంటు పోసేశారు. అయినా మొదట్లో ఇబ్బంది రాలేదు. మా ఆయన రెండు పూటలా దాన్ని నడిపించుకుంటూ క్యాంపస్‌కు పోయేవాడు. ఇంట్లో కూర్చుని నా వంటకు వంకలు పెట్టే బదులు ఇదే నయమని నేనూ సంతోషపడ్డాను. అంతలో ఆయనకు మోకాలి ఆపరేషన్ అయ్యింది. నడక నా మెడకు చుట్టుకుంది. కుక్క నాతో పోలీసు వెంట నడిచినట్టు నడిచేది గానీ, క్యాంపస్‌కు పోయాక తన పని తాను చేసుకునేది. ఆ తర్వాత గేటు దగ్గర కొత్త నియమం పెట్టారు. బయటివాళ్ళు నడవడానికి రావాలంటే పాస్ చూపించాలి. రిటైరైనవాళ్ళకు ఇస్తారు, కానీ ఆ మనిషే స్వయంగా వచ్చి అడగాలి.

ఇందులో ఏముంది అనుకున్నాను. ఆటోలో తీసుకుపోతే అరగంట పని.

"నేను పాస్ అడగాల్నా?" అన్నాడు మా ఆయన. "ఇన్నేండ్లు గా గేట్ల నుంచే పోయిన, వచ్చిన. నాకు పాసేంది?"

"మీ కోసం కాదు, కుక్క కోసం."

"ఎవరి కోసమైతేంది. నేను ఒకర్ని అడగ."

ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట నాకు కొత్త కాదు. పెళ్ళయిన కొత్తలో నేను క్యాంపస్ లైబ్రరీలో టెంపరరీగా పనిచేశాను. పుస్తకాలకు లేబుళ్ళు అంటించడం, వాటిని అరల్లో సర్దడం. ఆ పనంటే నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. టెంపరరీ వాళ్ళను పర్మనెంట్ చేస్తున్నప్పుడు అందరి ఫైళ్ళూ కదిలాయి, నాది ఎక్కడో ఆగింది. ఆగిన చోటు మా ఆయన కూర్చునే గదికి సరిగ్గా పై అంతస్తు. "పైకి పోయి, మా ఆమె ఫైలు ఎందుకాగిందని ఒక్క మాట అడగండి" అన్నాను. సిఫారసు చెయ్యమనలేదు. ఎందుకాగిందో అడగమన్నాను. ఇదే మాట అన్నాడు. "నేను ఒకర్ని అడగ." ఆ ఫైలు కిందికి దిగలేదు, నేను ఇంట్లో కూర్చున్నాను. ఆఫీసులో అందరూ ఆయన్ని నిక్కచ్చి మనిషి అని గౌరవించేవాళ్ళు. నిజమే, నిక్కచ్చి మనిషే. గౌరవం ఆయనకొచ్చింది, గిన్నెలు నాకొచ్చాయి.

సరే, ఆయన కదలడు గనక నా తిప్పలు నేను పడ్డాను. పాస్ ఉన్న ఒకావిడ కాళ్ళావేళ్ళా పడి క్యాంపస్ నుంచి బియ్యం సంచిలో మట్టి తెప్పించాను. పాత ప్లాస్టిక్ టబ్బులో పోసి బాల్కనీలో పెట్టాను. కుక్క వచ్చి వాసన చూసింది. టబ్బులోకి దిగింది. ఇక నా కష్టాలు తీరాయనుకున్నాను. అది గుండ్రంగా తిరిగి, ముడుచుకుని, ఆ మట్టిలో హాయిగా పడుకుంది.

"చూసినవా, మన మట్టిని గుర్తుపట్టింది!" అన్నాడు మా ఆయన కళ్ళనిండా సంతోషంతో. చీపురు తీసుకుని ఇద్దరికీ చెరో దెబ్బ వెయ్యాలనిపించింది.

పక్క ఫ్లాటావిడ, మల్కాజ్‌గిరిలో వాళ్ళ చెల్లెలి ఇంటి దగ్గర ఖాళీ ప్లాటుందని చెప్పింది. అక్కడికి ఆటో మాట్లాడాను. ఆటోవాడు కుక్కను కిందికీ పైకీ చూశాడు.

"అమ్మా, నా ఆటోల పోస్తే ఎట్ల?"

"పోస్తే నీ ఆటోకు కొబ్బరికాయ కొడత నాయనా, పద!"

ప్లాటులో మట్టి ఉంది, గడ్డి ఉంది, మరుగు ఉంది. ఆ వాడకట్టు కుక్కలు కూడా ఉన్నాయి. అవి అరవగానే మాది నా చీర కుచ్చిళ్ళ వెనక దూరి వణకడం మొదలుపెట్టింది. అదే ఆటోలో వెనక్కి వచ్చాం. ఆటోవాడికి కొబ్బరికాయ భాగ్యం కలగలేదు.

మేము ఎక్కడికి పోయి వచ్చినా మా ఆయన బాల్కనీలో కుర్చీ వేసుకుని ఎదురుచూస్తూ ఉండేవాడు. మూడో అంతస్తు నుంచి చెయ్యి తిప్పి "పోసిందా?" అని సైగ చేసేవాడు. నేను కింద నుంచి లేదని చెయ్యి ఊపేదాన్ని. ఈ సైగలకు అర్థమేమిటో కొన్నాళ్ళకు సందు సందంతా తెలిసిపోయింది. కూరగాయల బండి ఆమె కూడా నన్ను చూడగానే టమాటాలు తూచడం ఆపి "ఇయ్యాలనన్న పోసిందా అక్కా?" అని అడిగేది. తల ప్రాణం తోకకొచ్చింది నాకు.

పైగా ఇంట్లో ఇంకో పోరు. ఆపరేషన్ చేసిన కాలు ఆడించాలి, రోజూ నడవాలి అని ఫిజియోథెరపీ అమ్మాయి మొత్తుకునేది. ఆమె ఉన్నంతసేపూ "సరే బిడ్డా, సరే" అనేవాడు. ఆమె లిఫ్టు ఎక్కగానే మంచమెక్కేవాడు. హాల్లోంచి వంటింటి దాకా రమ్మంటే నొప్పి. ఆయన కాలు కదపడు, అది చుక్క వదలదు. వాళ్ళిద్దరూ సాయంత్రం పూట ఒకరికొకరు ఆనుకుని టీవీ చూస్తుంటే, ఇద్దరు మొండివాళ్ళకు ఒక్క పనిమనిషిలా నేను మధ్యలో తిరుగుతుండేదాన్ని.

మరి కుక్క ఎలా బతికింది అంటారేమో. రోజున్నర దాకా బిగబట్టేది. ఇక ఆపుకోలేక, మెట్రో స్తంభాల కింద మొక్కలు నాటిన కాస్త మట్టిలో, అటూ ఇటూ బస్సులు హారన్లు కొడుతుంటే, బెదిరిపోతూ కొంచెం పోసేది. సగంలోనే లేచి ఇంటికి లాగేది. అలా ఒకనాడు కూర్చుని లేచినప్పుడు చూస్తే మట్టి ఎర్రగా ఉంది. నెత్తురు.

నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు. అక్కడికక్కడే ఆటో ఎక్కించి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన దాని పొట్ట నొక్కి చూసి, పరీక్ష చేయించి, మందులు రాశాడు.

"ఇన్ఫెక్షనమ్మా. మందులు ఇస్తున్న గానీ, గిట్ల ఆపుకుంటనే ఉంటే మందులు పనిచెయ్యవు. దీనికి వయసు గూడ మీద పడ్డది. కిడ్నీల దాకా పోయిందంటే ఇగ నా చేతిల ఉండదు."

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. మా ఆయన కుక్క తల మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చున్నాడు. నేను కాచుకుని ఉన్నాను. ఇప్పుడైనా లేస్తాడు, ఇప్పుడైనా పాస్ మాట ఎత్తుతాడు అని.

"మందులు పడితె రేపు పోస్తది తియ్యి" అన్నాడు.

"సచ్చిపోతది!" అని అరిచాను. "విన్నరా? మీ నోట్లకెల్లి ఒక్క మాట రాక, గా మూగజీవి సచ్చిపోతది!"

నేను వంటింట్లోకి పోయి గిన్నెలు ఎత్తెత్తి పెట్టాను. ఆ చప్పుడు ఆయనకు వినబడాలనే.

మర్నాడు కుక్క నీళ్ళు ముట్టలేదు. దాని గిన్నె నింపడం ఒక్కటే ఆపరేషన్ తర్వాత కూడా ఆయన మానని పని. కర్ర పట్టుకుని, కుళాయి దాకా పోయి, సగం ఒలకబోస్తూ తెచ్చి పెడతాడు. పొద్దున పెట్టిన నీళ్ళు సాయంత్రానికి అలాగే ఉన్నాయి. ఆయన కుర్చీలోంచి కిందికి వంగి, నీళ్ళలో వేళ్ళు ముంచి దాని మూతికి అందించాడు. అది ఆయన కోసమన్నట్టు వేళ్ళు ఒకసారి నాకి మొహం తిప్పుకుంది.

"నీళ్ళు తాగితె మళ్ళ పోసుకోవాల్సి వస్తదని తాగుతలేదిది" అన్నాడు. కుక్కలకు అంత లెక్క తెలుస్తుందో లేదో నాకు తెలియదు. ఆయనకు మాత్రం అందులో అనుమానం లేదు.

తెల్లవారి నేను లేచేసరికి మా ఆయన తయారై ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, ప్యాంటు, చేతికి గడియారం. ఆఫీసుకు పోయేటప్పుడు ఎలా ఉండేవాడో అలా. ఒక చేతిలో కర్ర, ఇంకో మణికట్టుకు కుక్క తాడు.

"ఆటో పిలువు" అన్నాడు.

గేటు దగ్గర గార్డు కొత్తవాడు. పాతవాళ్ళైతే ఈయన్ని చూడగానే లేచి నిలబడేవాళ్ళు. ఇతనికి ఈయనెవరో తెలియదు. "పాస్ సార్?" అని చెయ్యి అడ్డం పెట్టాడు. నేను ఎవరో తెలుసా, ఇక్కడ ఎన్నేళ్ళు చేశానో తెలుసా అని ఈయన మొదలుపెడతాడు, అతను మొండికేస్తాడు, మళ్ళీ ఆటో ఎక్కాల్సిందే అనుకుని నేను ఆటోను ఆపి ఉంచాను.

మా ఆయన కర్రను చంకలో ఇరికించుకుని రెండు చేతులూ జోడించాడు.

"పాస్ లేదు తమ్మీ. తీస్కుంట, అడిగి తీస్కుంట. దీనికి పానం బాగలేదు. గీడ తప్ప ఇంకేడ పోస్తలేదు. ఒక్కసారి లోపలికి ఇడిసిపెట్టు. నీ కాళ్ళు మొక్కుత."

ఆ మెడ ఒక్కసారైనా వంగితే చూడాలని ఎన్నేళ్ళు కోరుకున్నానో. తీరా వంగితే చూడలేకపోయాను. మొహం తిప్పుకున్నాను. మరు నిమిషంలో కోపం తన్నుకొచ్చింది. నా కోసం ఒక అంతస్తు ఎక్కని మనిషి! పైకి పోయి ఒక్క మాట అడగని మనిషి! కుక్క ఉచ్చ కోసం దారిన పోయే జనమంతా చూస్తుండగా ముక్కూ మొహం తెలియనివాడి కాళ్ళు మొక్కుతానంటున్నాడు.

గార్డు కంగారుపడ్డాడు. "అయ్యో సార్, గట్లనకుండ్రి, పెద్దోళ్ళు మీరు. పోండ్రి, జల్ది రాండ్రి." నేను కూడా అడుగు వేయబోతే ఆపాడు. "అమ్మా, మీరు గీడనే ఉండుండ్రి. ఇద్దర్ని ఇడిస్తే నన్ను అంటరు."

వాళ్ళు లోపలికి పోయారు. హాల్లోంచి వంటింటికి రాలేని కాలు ఆ రోడ్డు మీద ఎలా నడుస్తుందో నాకు అర్థం కాలేదు. నాతో వస్తే ఈడిస్తే గానీ కదలని కుక్క, ఆయన కర్ర ఆగినప్పుడల్లా ఆగుతూ, కదిలినప్పుడల్లా కదులుతూ పోతోంది. ఇద్దరిలో ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు. నేను గేటు బయట గోడకు ఆనుకుని నిలబడ్డాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ పూట నాకు ఆ కుక్క మీద అసూయ కలిగింది. దానికి నయం కావాలని దేవుడికి మొక్కుతూనే అసూయపడ్డాను.

చాలాసేపటికి వచ్చారు. ఆయన దూరం నుంచే చెయ్యి పైకెత్తి ఊపాడు.

"పోసింది! ఎంతసేపు పోసిందనుకున్నవ్! నేను నిలబడలేక చెట్టుకు ఆనుకున్న, అది ఇంకా పోస్తనే ఉన్నది!" చెమటతో తడిసిన ఆ మొహంలో ఎంత వెలుగో. మా ఇద్దరికి పెళ్ళైన రోజు కూడా ఆ మొహం అంత వెలగలేదు. "ఆఫీసుల గూడ అడిగిన. పాస్ రేపిస్తమన్నరు, రేపు రమ్మన్నరు."

నేను ఆపుకోలేకపోయాను.

"నా ఫైలు కోసం ఒక్క మెట్టు ఎక్కలేదు మీరు. దీని కోసం చేతులు జోడిస్తిరి."

ఆయన కుక్క మెడ మీద గోకుతూ నిలబడ్డాడు. ఇన్నేళ్ళకు ఆ ఫైలు సంగతి ఎక్కడిదని అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. అంటే ఆయనకూ గుర్తుంది.

"నువ్వు ఓర్చుకుంటవనుకున్న" అన్నాడు చివరికి. "గిది ఓర్చుకోలేదు."

ఎగతాళికి అన్నది కాదు. నన్ను మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు పాపం. అదే నాకు మరీ మంటపుట్టించింది.

"నేనూ ఓర్చుకోలే" అన్నాను. "మీరు చూడలే, గంతే."

ఆటోలో కుక్క మా కాళ్ళ మధ్య పడుకుని గుర్రుపెట్టింది. ఇంటికి రాగానే గిన్నెడు నీళ్ళు గటగటా తాగి, ఇంకా పొయ్యమన్నట్టు చూసింది. రాత్రికి మళ్ళీ గిన్నెడు తాగింది.

మర్నాడు పొద్దున ముగ్గురం మళ్ళీ గేటు దగ్గర దిగాం. అదే గార్డు. పాస్ కోసం ఆఫీసుకు పోతున్నామని చెబితే నిన్నటిలాగే ఆయనకూ కుక్కకూ దారి వదిలాడు. నేను నా అంతట నేనే గోడ వైపు నడిచాను. అంతలో వెనక నుంచి మా ఆయన గొంతు వినిపించింది.

"తమ్మీ, ఈమె గూడ వస్తది."

"సార్, నిన్ననే చెప్పిన గద. మిమ్మల్ని ఇడుసుడే ఎక్కువ."

"ఈమె ఎవరనుకున్నవ్? గీ లైబ్రరీల పనిచేసింది. పర్మనెంట్ కావాల్సిన మనిషి. కాకపోవుడు ఈమె తప్పు కాదు. ఈమెను లోపలికి ఇడువు. ఇడువకుంటే నేను గూడ పోను."

కర్ర నేలకు ఆనించి, కదలకుండా నిలబడ్డాడు. వెనక వాకింగ్‌కు వచ్చినవాళ్ళు ఆగిపోయారు. గార్డు "సార్, నా నౌకరీ పోతది" అంటున్నాడు. ఈయన "పోతే నేను మాట్లాడత" అంటున్నాడు. నా కోసం ఆ మనిషి ఎవరినో అడుగుతున్నాడు. నలుగురిలో, గట్టిగా. వాళ్ళలా మధ్యాహ్నం దాకా వాదించుకున్నా నేను వింటూ నిలబడేదాన్ని.

కానీ కుక్క ఉంది. రాత్రి తాగిన నీళ్ళన్నీ కడుపులో పెట్టుకుని వచ్చింది. తాడు పొడవునా అటూ ఇటూ తిరుగుతోంది, మూలుగుతోంది. వెనక కాళ్ళు వణుకుతున్నాయి. ఒకసారి కూర్చోబోయింది. కింద సిమెంటని తెలిసి మళ్ళీ లేచింది. ఆయన చూడలేదు, నా గురించి మాట్లాడుతున్నాడు. అది ఆయన్ని వదిలి నా వైపు చూసింది.

"ఇగ ఆపుండ్రి!" అని అరిచాను. "నా సంగతి తర్వాత అడగొచ్చు. ముందు దాన్ని తీస్కపోండ్రి, ఆపుకోలేకపోతున్నది!"

మాట మధ్యలో ఆపి ఆయన నా మొహంలోకి చూశాడు. ఏదో అనబోయాడు. ఈలోగా కుక్క లాగింది. ఇద్దరూ లోపలికి పోయారు, నేను గేటు బయట నిలబడ్డాను.